మయసభకు రంగులు వేసేవారు

న్యూఢిల్లీ:

ఇంద్రప్రస్థంలో మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు రెండు విధాలుగా మోసపోయాడు. స్ఫటికపు నేలను చూసి మడుగనుకొని బట్టలు పైకెత్తి పట్టుకున్నాడు. మడుగును చూసి నేల అనుకొని నిండా మునిగాడు. మొదటిదాని వల్ల నవ్వులపాలు కావడం తప్ప వేరే నష్టం లేదు. రెండవది కురుక్షేత్రం దాకా తీసుకుపోయింది. ఆ ఇంద్రప్రస్థం ఇప్పటి పురానాఖిలా దిబ్బ కిందనే ఉన్నదని ఢిల్లీవాసుల నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించే విద్య మాత్రం ఈ ఊరిని విడిచి పోలేదు. మంత్రిత్వశాఖల చుట్టూ కొంతకాలం తిరిగిన విలేఖరి ఎవరిని అడిగినా ఈ సంగతి ప్రమాణం చేసి చెబుతాడు.

ఈ వారం ప్రస్తావన సూరత్ నగరం గురించి. అయితే దారి బెంగుళూరు మీదుగా పోవలసి ఉన్నది.

బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడు మైసూరులోని చామరాజేంద్ర దృశ్యకళా అకాడమీలో చదువుకున్నాడు. 2015 జూన్‌లో బెంగుళూరు సుల్తాన్‌పాళ్య ప్రధాన రహదారి మీద పెద్ద గుంట ఒకటి పడి, పూడ్చే దిక్కు లేక అలాగే ఉండిపోయింది. శ్రీ నంజుండస్వామి ఆ గుంటకు పచ్చని రంగు పూసి చెరువుగా మార్చాడు. ఫైబరుతో చేసిన మొసలిని అందులో పడుకోబెట్టాడు. విన్నపాలకు చెవి ఒగ్గని నగరపాలక సంస్థ మొసలికి లొంగింది, గుంట పూడింది. 2019 సెప్టెంబరులో ఆయన మరొక పని చేశాడు. శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-2 చంద్రుని మీద దిగబోతున్న వారం అది. వ్యోమగామి దుస్తులు ధరించిన నటుడొకడు చంద్రగోళం మీది గోతుల మధ్య తేలికగా, తూగుతూ నడుస్తున్న చలనచిత్రం దేశమంతటా తిరిగింది. చూస్తూ ఉండగానే ఆ చంద్రుని మీదికి ఆటోరిక్షా ఒకటి వచ్చింది. అది బెంగుళూరు హెరోహళ్లిలోని తుంగానగర్ ప్రధాన రహదారి! మరునాటికే మరమ్మతు బండ్లు అక్కడికి చేరుకున్నాయి. విక్రమ్ ల్యాండరుతో సంబంధాలు తెగిపోయింది సెప్టెంబరు 7న. అప్పటికే తుంగానగర్ చంద్రుని గోతులు పూడ్చే పని మొదలయింది.

ఈ కళను కనికట్టు అని కొట్టిపారేయడానికి వీలు లేదు. నేల మీద గీసిన బొమ్మ ఒక్క చోట నిలబడి చూస్తేనే లోతుగానో ఎత్తుగానో కనిపిస్తుంది. ఆ చోటు నుంచి చూసే కంటికి సరిపడేలా చిత్రకారుడు గీతలను ముందుగానే సాగదీసి గీస్తాడు. రెండడుగులు పక్కకు జరిగితే అదే బొమ్మ వంకరటింకరగా సాగిపోయి కనిపిస్తుంది. గుట్టు బయటపడుతుంది. 1533లో హాన్స్ హోల్బైన్ చిత్రించిన ఇద్దరు రాయబారుల పటంలో కాళ్ల దగ్గర ఏదో మరకలా కనిపించేది, పక్క నుంచి చూస్తే మనిషి పుర్రె. అంతదూరం పోనక్కరలేదు. మన లేపాక్షిలో ఒకే ఒంటికి మూడు తలలు చెక్కిన ఆవు ఉన్నది. ఏ తలను పట్టుకొని చూస్తే ఆ ఆవే నిజమవుతుంది. ఇటువంటి కళలో మోసం ఉన్నదనే అనుకుందాము. అది చూసేవాని ఎదుటనే జరిగే మోసం, పక్కకు జరిగే స్వేచ్ఛ చూసేవానికి ఉండనే ఉన్నది.

ఈ కళలో ప్రయోజనం ఉన్నదని ప్రభుత్వానికి తట్టకపోలేదు. అహమ్మదాబాదుకు చెందిన శకుంతలా పాండ్యా, సౌమ్యా పాండ్యా ఠక్కర్ అనే తల్లీకూతుళ్లు రోడ్డు మీది జీబ్రా గీతలను గాలిలో తేలే దిమ్మెలవలె కనిపించేటట్టు గీశారు. స్పీడ్ బ్రేకర్ల అవసరం తగ్గించడానికి ఇటువంటి బొమ్మలను ప్రయోగించి చూస్తున్నామని 2016 ఏప్రిల్‌లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ ప్రకటించారు. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ వారు ఆ ఏడే రాజాజీ మార్గ్‌లో ఒకటి వేయించారు. దాన్ని చూసి 2017లో ఐస్‌లాండ్‌లోని ఈసాఫ్యోర్దుర్ అనే చిన్న పట్టణంవారు తమ వీధిలోనూ అటువంటిదే గీయించుకున్నారు. ఇక్కడినుంచి అటువైపు ఎగుమతి అయిన సాంకేతిక విద్యలు తక్కువ గనుక సంతోషించవలసిన విషయమే. కానీ రోజూ అదే దారిని పోయే డ్రైవరుకు నాలుగు రోజులలో గుట్టు తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాడు బెదిరి బ్రేకు వేస్తే వెనుకనున్నవాడు వచ్చి గుద్దుకుంటాడు. లేని దిమ్మెను ఉన్నదనుకోవడం దుర్యోధనుని మొదటి పొరపాటు వంటిది. మన రోడ్ల మీద ప్రాణాలు తీస్తున్నది రెండవ పొరపాటు. నేల ఉన్నదనుకున్న చోట నేల లేదు. 2013 నుంచి 2017 వరకు అయిదేళ్లలో దేశంలో రోడ్ల గుంటల వల్ల 14,926 మంది మరణించారన్న లెక్క 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సరిహద్దులలోనో ఉగ్రవాదుల చేతులలోనో చనిపోయినవారి సంఖ్య ఇంతకన్నా తక్కువే కావచ్చునని న్యాయమూర్తులు వ్యాఖ్యానించవలసి వచ్చింది. హైదరాబాదులో రైల్వే ఉద్యోగం నుంచి విరమించిన శ్రీ గంగాధర తిలక్ అనే పెద్దాయన తన పింఛను సొమ్ముతో తారు, కంకర తెచ్చి గుంటలు పూడుస్తూ వచ్చారు. ఆయన చేసింది మహోపకారం. అయినా రాజకీయంగా చూస్తే మొసలి పద్ధతే మేలైనదని నా అభిప్రాయం. పౌరుడు పారపట్టి గుంట పూడిస్తే పాలకునికి ఒక పని తప్పుతుంది. మొసలిని పడుకోబెడితే పాలకుడు ఆ పని చేయక తప్పదు.

ఇక రెండవ రకం చిత్రకారులున్నారు. వీరు ప్రభుత్వపు కొలువులో ఉంటారు. 2010 కామన్‌వెల్త్ క్రీడల నాడు ఢిల్లీ మురికివాడలకు అడ్డంగా క్రీడల బొమ్మలున్న తెరలు లేచాయి. అప్పుడు రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఉన్నది కాంగ్రెసు. 2017 నవంబరులో హైదరాబాదుకు ఇవాంకా ట్రంప్ వస్తున్న వేళ బిచ్చగాళ్లను వీధులనుంచి తొలగించారు. అక్కడ ఉన్నది తెలంగాణ రాష్ట్ర సమితి. 2020 ఫిబ్రవరిలో అహమ్మదాబాదుకు ఆమె తండ్రి వస్తున్న వేళ విమానాశ్రయం నుంచి పోయే దారిలో గుడిసెల ముందు సుమారు అర కిలోమీటరు పొడవున గోడ లేచింది. 2023 సెప్టెంబరులో జీ-20 అధినేతలు వచ్చినప్పుడు వసంత విహార్ చేరువనున్న కూలీ క్యాంప్ పచ్చగుడ్డ వెనుకకు వెళ్లిపోయింది. మొదటిచోట రాష్ట్రంలోనూ, రెండవచోట కేంద్రంలోనూ ఉన్నది భారతీయ జనతా పార్టీ. ఈ విద్యలో పార్టీల మధ్య సిద్ధాంత విభేదాలు లేవు. అతిథి కారు కిటికీ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి, ఆ ఒక్క చోటి నుంచి అందంగా కనిపించేటట్టు తెర కట్టడం వీరి నేర్పు. ఇది కూడా హోల్బైన్ పద్ధతే. తేడా ఒక్కటే. ఇక్కడ పక్కకు జరిగి చూసే వీలు లేదు, పోలీసులు ఉంటారు.

సూరత్‌లో ఈ రెండు విద్యలనూ పక్కపక్కన చూడవచ్చును.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. దేశం మొత్తం మీద 50 మందికి పైగా పోయారు, వారిలో అత్యధికులు సూరత్‌వారే. లక్షలాది జనం రైళ్లెక్కి పారిపోయారు. వారిలో మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నేత కార్మికులు కూడా ఉన్నారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు (పేరు చూసి మనవాడని పాఠకులు గుర్తుపట్టే ఉంటారు) గోడలకు రంగులు వేయించలేదు. చల్లని గదులలో కూర్చున్న అధికారులను రోజూ వీధులలోకి తోలారు. నగరాన్ని ఆరు మండలాలుగా నడిపి ఒక్కొక్క దానికి ఒక్కొక్క అధికారిని బాధ్యుని చేశారు. ఆక్రమణల కూల్చివేతను పలుకుబడి కలవారి కట్టడాల నుంచి మొదలుపెట్టారు. చెత్త రోజూ ఎత్తించారు. 1996లో సూరత్ దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరమని ఇంటాక్ సంస్థ పేర్కొన్నది. ఆ పేరులో భ్రమ లేదు. వెనుకకు పోయి చూసినా వీధి శుభ్రంగానే ఉండేది.

తరువాత పరిశుభ్రతకు పోటీలు వచ్చాయి, మార్కులు వచ్చాయి. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పొందింది. సూరత్ దానికి అర్హమైనదే కావచ్చు, పునాది గట్టిది. కాని ఆ పోటీలో సుందరీకరణకూ మార్కులు ఉండడంతో దేశంలో ఏ నగరం చూసినా వంతెనల స్తంభాలకు, ప్రహరీలకు నెమళ్లు, ఏనుగులు, స్వాతంత్య్ర యోధులు వచ్చి చేరారు. గోడకు రంగు వేయడం మురుగుకాలువ తవ్వడం కంటే చవక, పైగా ఫోటోలో పడుతుంది. 2019 మే 24న సూరత్ సర్థానాలో తక్షశిల అనే వాణిజ్య భవనంలో మంటలు లేచి 22 మంది విద్యార్థులు చనిపోయారు. పై కప్పు మీద అనుమతి లేకుండా వేసుకున్న గదిలో ట్యూషన్లు జరుగుతున్నాయి. పిల్లలు పైనుంచి దూకడం దేశమంతా చూసింది. వీధి నుంచి చూసేవారికి అది రోజూ కనిపించే మామూలు భవనమే. పైకెక్కి చూడవలసిన బాధ్యత ఉన్నవారు వీధిలోనుంచే చూశారు కాబోలు!

మోసాన్ని కళగా మార్చడం సూరత్‌కు కొత్త కాదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట ఎనిమిది తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే పోతాయి. లోనికి పోయిన వెలుతురు బయటికి తిరిగి వచ్చేలా ముఖాలు చెక్కడమే ఆ పని అంతా. జరీ మరొకటి. కంచి, ధర్మవరం, గద్వాల చీరలకు వన్నె తెచ్చినది సూరత్ జరీ. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అసలు జరీ పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. రాగితీగ మీద వెండిపూత పూసినది ఒకటి, ప్లాస్టిక్ పొరకు లోహపు మెరుగు పెట్టినది మరొకటి దాని పక్కన పుట్టాయి. ధర తక్కువ, మెరుపు ఎక్కువ. ఏది ఏదని చెప్పి అమ్మినంతవరకు ఇందులో తప్పు పట్టవలసినది లేదు.

చెప్పకుండా అమ్మేదాని మాట వేరు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు. నేసినప్పుడు రంగు అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకల్లా కనిపిస్తాయి. ఆ చెదురే దాని సంతకం. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సూరత్‌లో ఆ చెదురును కూడా గుడ్డ మీద అచ్చు వేస్తున్నారు. మరమగ్గం మీద క్షణాలలో దిగిన పాలియెస్టరు గుడ్డ మీద, వారాల తరబడి ముడులు కట్టిన పనితనపు బొమ్మ! ఇంతకంటే గొప్ప కనికట్టును ఏ వీధి చిత్రకారుడూ వేయలేడు. గుట్టు తెలుసుకోవడం సులభమే. గుడ్డను తిరగవేస్తే చాలు. దారానికే రంగు పట్టినది రెండువైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వెనుకవైపు వెలవెలబోతుంది. కాని సెల్‌ఫోను తెర మీద చీర కొనే గృహిణి దేన్ని తిరగవేసి చూడగలదు?

ఇందులో మరొక మెలిక ఉన్నది. సూరత్‌లో లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాలలో తిరిగితే తెలుగు వినబడుతుంది. తరతరాలుగా మగ్గం మీద బతికిన పద్మశాలీలు, చేనేత గిట్టక ఊళ్లు విడిచి షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు చేరినవారు వీరు. వీరి పిల్లల కోసమే అక్కడి నగర ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు బడులు నడుపుతూ వచ్చింది. పరాయి రాష్ట్రపు నగరపాలక సంస్థ ఇంత చేసిందంటే మెచ్చుకోవాలి. వీరు పన్నెండేసి గంటలు సాంచాల చెవులదిరే మోతలో నిలబడి దింపుతున్న గుడ్డ, అచ్చుల మిల్లుకు పోయి, ఇక్కత్ వేషం వేసుకొని, హైదరాబాదు అంగళ్లకు వచ్చి చేరుతుంది. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో ఇంకా ముడులు కడుతున్న దాయాదిని ఓడించేది అదే. ఓడిన దాయాది రేపు సూరత్ రైలెక్కుతాడు. ఇందులో సూరత్ కార్మికుని తప్పు వెతకడం అన్యాయం. సూరత్ వ్యాపారిని ఒక్కడినే తిట్టి ఊరుకోవడం సోమరితనం.

ఎందుకంటే ఈ ఆటకు నియమాలు రాసినది ఢిల్లీ. చేనేతకు కొన్ని వస్త్రరకాలను ప్రత్యేకించే చట్టం 1985లో వచ్చింది. మొదట 22 రకాలు. మరమగ్గాల యజమానులు కోర్టుకు వెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. కోర్టులో గెలిచిన మూడేళ్లకే ప్రభుత్వం జాబితాను 11కు కుదించింది. కోర్టులో గెలిచి కాగితం మీద ఓడడం చేనేతకే చెల్లింది. పైగా ఆ చట్టం నేతను చూస్తుంది, అచ్చు దాని చేతికి చిక్కడం కష్టం. 2006లో చేనేత ముద్ర వచ్చింది. 2020 జూలైలో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. అది పెద్దగా పనిచేసిన బోర్డు అని ఎవరూ అనరు. అయినా నేతగాడి ప్రతినిధి వచ్చి కూర్చోవడానికి ఒక కుర్చీ ఉండేది.

అచ్చు గుడ్డను అచ్చు గుడ్డగానే అమ్మాలని, పోచంపల్లి పేరుతో అమ్మేవాడు ఏ మగ్గం మీద నేసినదో చీటీ కుట్టాలని, తప్పితే జరిమానా వేసే ఇన్‌స్పెక్టరు జిల్లాకు ఒక్కడైనా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. తెలుగు రాష్ట్రాలు రెండింటి నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. పార్టీలకతీతంగా వీరు ఒక్క రోజు జవుళి శాఖ పద్దుల మీద ఈ ప్రశ్న వేయవచ్చును.

2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. 1905లో ఆ నాడే స్వదేశీ ఉద్యమం మొదలయింది. మంత్రులు నేతగాళ్లకు శాలువాలు కప్పుతారు, వేదిక వెనుక ఇక్కత్ బొమ్మలతో పెద్ద తెర వేలాడుతుంది. ఈసారి సభకు వెళ్లే ఎం.పి.లలో ఎవరైనా వేదిక వెనుకకు నడిచి, ఆ తెరను ఒక్కసారి తిరగవేసి చూసి రావాలి.