తార్నాక నుంచి పీఏ కోర్సు దాకా

అమెరికాలో ఫిజిషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సులో సీటుకు మార్కులెంత ముఖ్యమో, రోగుల దగ్గర పనిచేసిన గంటలూ అంతే ముఖ్యం. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ చదువు మొదలుపెట్టినప్పుడు తొలి బ్యాచ్‌లో చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా చేసి వచ్చినవారే. ఆ ఆనవాయితీ ఇంకా పోలేదు. వెయ్యి గంటల అనుభవం అడిగే కాలేజీలు చాలానే ఉన్నాయి. అక్కడ పెరిగిన మన పిల్లలు డిగ్రీ చదువుతూనే అంబులెన్సుల్లో ఈఎంటీలుగానో, క్లినిక్కుల్లో మెడికల్ అసిస్టెంట్లుగానో పనిచేసి ఆ లెక్క పూర్తిచేస్తారు. డాక్టర్ పక్కన నిలబడి చూసిన షాడోయింగ్‌ది వేరే పద్దు.

ఉస్మానియా పరిధిలో బీఎస్సీ చదివేవారికి చిక్కు ఇక్కడే. క్యాంపస్ దాటితే తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి, కాస్త అవతల లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉన్నాయి. కానీ బీజెడ్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) విద్యార్థికి రోగికి సూది వేసే అధికారం ఎక్కడా ఉండదు, ఉండకూడదు కూడా. తెలిసిన నర్సింగ్ హోమ్ లెటర్‌హెడ్ మీద గంటలు రాయించుకుంటే, కాలేజీవారు ఆరా తీసిన రోజు మొదటికే మోసం వస్తుంది.

రెండో చిక్కు మార్కుల మెమోలో ఉంటుంది. కాలేజీలు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ విడివిడిగా అడుగుతాయి. మెమోలో మాత్రం అనాటమీ, ఫిజియాలజీలకు బదులు ‘జువాలజీ’ అని ఒక్క ముక్కే కనిపిస్తుంది. అందులో మనిషి శరీరం గురించి ఎంత చదివారో సిలబస్ ప్రతి జతచేసి చూపాలి. అయినా కొన్ని కాలేజీలు ఆ సబ్జెక్టులు అమెరికాలోనే చదవాలంటాయి. మూడేళ్ల డిగ్రీని తమ బ్యాచిలర్ డిగ్రీకి సమానంగా లెక్కించనివీ ఉన్నాయి. అందుకే ఇంటర్ బైపీసీలోనే గురి కుదిరినవారికి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ మేలు. అనాటమీ, ఫిజియాలజీ పేర్లతోనే మెమోకెక్కుతాయి, వార్డు డ్యూటీ చదువులో భాగం. ఆ డ్యూటీని గంటల కింద లెక్కిస్తారో లేదో కాలేజీని ముందే అడగాలి. పాసయ్యాక చేసిన నర్సు ఉద్యోగానికైతే విలువ ఎక్కువ.

మన దేశంలో పీఏ కోర్సు కూడా ఉంది, 1992లో చెన్నైలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. ఆ పట్టా ఉన్నా, ఎంబీబీఎస్ ఉన్నా అమెరికాలో పీఏ లైసెన్సు నేరుగా రాదు. అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు, సాధారణంగా 27 నెలలది, చదివాకే లైసెన్సుకు కావలసిన పాన్స్ పరీక్ష రాయనిస్తారు.

దరఖాస్తులు తీసుకునే కాస్పా ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. వచ్చినవి వచ్చినట్టే చూసే కాలేజీలు ఎక్కువ కాబట్టి, క్యాంపస్‌లోని ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌లు, వాటి మదింపు అంతకు కొన్ని నెలల ముందే పూర్తికావాలి. విదేశీ విద్యార్థులను చేర్చుకోని కాలేజీలకు ఫీజు కట్టి లాభం లేదు. ఆ నిబంధన ముందే చూసుకోవాలి.