క్షయ మందులు – నొప్పి మాత్రలు

క్షయరోగికి ఆఱు నెలల మందును ప్రభుత్వమే ఉచితముగా నిచ్చుచున్నది. 2018 నుండి పోషణమునకై నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును మంజూరు చేయుచున్నది. మంచిదే. కాని యా మందుతోపాటు రోగి కడుపులోనికి మరియే మందు పోవుచున్నదో విచారించువారు మాకు అరుదుగా గానవచ్చుచున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఈ విచారణ మిక్కిలి యవసరము.

ఏలయన, ఇది కష్టజీవుల సీమ. గద్వాల చీర నేయువాడు గుంటమగ్గమున గాళ్లు వ్రేలవైచి దినమంతయు నడుము వంచి కూర్చుండును. పాలమూరు కూలి దేశమునందలి యానకట్టలకును కాలువలకును మట్టి మోసినవాడు. నడుము నొప్పియు మోకాళ్ల నొప్పియు వీరికి ఇంటి చుట్టములు. ఇట్టివానికి క్షయ సోకినచో క్షయ మందు ఆసుపత్రి నుండియు, నొప్పి మాత్ర అంగడి నుండియో గ్రామవైద్యుని సంచి నుండియో వచ్చును. ఇచ్చినవారిలో ఒకరి సంగతి యొకరెఱుగరు.

ఈ రెంటికిని లోపల పొసగదు. క్షయ చికిత్సకు మూలస్తంభమైన రిఫాంపిసిను, అనగా మూత్రమును ఎఱ్ఱగా జేయు మందు, ఇతరౌషధములను హరించు శక్తిని కాలేయమునందు రేపును. ట్రమడాలు, కోడీను, ఎటోరికాక్సిబు మున్నగునవి శీఘ్రముగా నశించును. మాత్ర పనిచేయలేదని రోగి యొకటికి రెండు మ్రింగును. ఆఱు నెలలు గడచి రిఫాంపిసిను నిలిపిన పిదప సుమారు రెండు వారములలో కాలేయము పూర్వస్థితికి వచ్చును; పెంచిన మోతాదు మాత్రము తగ్గదు. నిన్న చాలని మందు నేడు మితిమీరును. ఇక ఐసోనయాజిడు, పిరజినమైడు కాలేయమునకు స్వభావముచేతనే భారము. వానిపై పారాసిటమాలు కలిసిన నొప్పి మాత్రలను లెక్కలేక వాడినచో భారము హెచ్చును. కల్లు తోడైనచో చెప్పనక్కఱలేదు.

మమ్ము మఱింత కలతపెట్టునది వేఱొకటి. కొన్ని నొప్పులు ఆ చికిత్సవలననే పుట్టును. మొదటి రెండు నెలలు ఇచ్చు పిరజినమైడు రక్తమున యూరికామ్లమును పెంచి కీళ్లు నొప్పించును. ఐసోనయాజిడు కొందఱికి అరికాళ్ల మంటలు, తిమ్మిరులు కలిగించును; దీనికి మందు బి-6 విటమినైన పైరిడాక్సినే గాని నొప్పి మాత్ర గాదు. రోగి వీనిని పాత నొప్పులేయని తలచి పాత మాత్రనే యాశ్రయించును. దీనికి విపర్యయమును గలదు: మగ్గము వలన వచ్చినదనుకొన్న నడుము నొప్పి వెన్నెముకకు సోకిన క్షయయే కావచ్చును. మాత్రలతో దానిని నెలల తరబడి అణచిపెట్టినచో వెన్ను వంగిన తరువాతనే నిజము తెలియును. గ్రామములలో పొట్లము గట్టి యిచ్చు మాత్రలలో స్టిరాయిడు కలిసియుండుటయు గలదు. అది నొప్పిని మఱపించుచునే శరీరపు రోగనిరోధశక్తిని గుంటుపఱచును.

అట్లని నొప్పిని సహింపుమనుట క్రూరత్వము. నొప్పి భరింపలేనివాడు మొదట మానునది క్షయ మందునే. మానినచో వ్యాధి మందులకు లొంగని రూపము దాల్చును. అప్పుడు వాడు లినజోలిడుతో ట్రమడాలుగాని, నరముల నొప్పికిచ్చు అమిట్రిప్టిలీనుగాని చేరినచో మఱింత యపాయము.

1956లో మదరాసున స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇంటియొద్ద మందు తిన్నవారును శానటోరియమువారితో సమానముగా గోలుకొందురని 1959లో లోకమునకు జూపెను. అది మన దేశమునకు గర్వకారణము. కాని చికిత్స ఇంటికి వచ్చినప్పుడు ఇంటి గూటిలోని మాత్రలను గూడ లెక్కింపవలెను గదా! 2014 నుండి క్షయ మందులను, ట్రమడాలును అమ్మిన యంగడివారు ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెనని శాసనము గలదు. ఆ పుస్తకమును చూచువారెవరు?

వనపర్తి, నాగర్‌కర్నూలు వైద్యకళాశాలలు 2022లోను, గద్వాల కళాశాల 2024లోను తెఱవబడినవి. క్షయరోగి చీటిలో అతడు వాడు ప్రతి నొప్పి మాత్ర పేరును వ్రాయించుటకు వీరికి కొత్త ధనమక్కఱలేదు. ఆశా కార్యకర్త ఇల్లు చేరినప్పుడు "ఇంకేమి మాత్రలు వేసికొనుచున్నావు?" అని యడిగిన చాలును. చికిత్స ముగియు నెలలో నొప్పి మందు మోతాదును వైద్యుడు మరల చూడవలెను. రోగులకు మా విన్నపము: కన్నులు పచ్చబడినను, అన్నము సహింపకున్నను, వాంతులైనను ఆ దినమే ఆసుపత్రికి పొండు, పోవునప్పుడు ఇంటనున్న మాత్రల అట్టలన్నియు గొంపొండు.