ఆటస్థలానికి మతమేల?

క్రిస్మస్ సెలవులు రాగానే చర్చి యువజన సంఘాలు కుర్చీలాట, గోనెసంచి పరుగు, వాలీబాల్ పోటీలు జరపడం పరిపాటి. ప్రార్థనకు చెందవలసిన కాలాన్ని ఆటలకు వ్యయపరచడం తగునా అని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. మసీదు వీధిలో పెరిగిన నాకు ఈ ఆక్షేపణ కొత్తది కాదు.

చరిత్ర దీనికి సమాధానం చెబుతున్నది. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అనే బట్టల దుకాణపు ఉద్యోగి తన సహచరులతో వై.ఎం.సి.ఎ.ను స్థాపించాడు. పనికై నగరానికి వచ్చిన యువకులు సాయంకాలాలు చెడుదారి పట్టరాదన్నదే వారి చింత. మొదట ప్రార్థన, బైబిలు పఠనమే ఉండేవి. ఆటలు తరువాత చేరాయి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఆ సంస్థ శిక్షణ కళాశాల అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్ రెండు పండ్లబుట్టలు వ్రేలాడదీసి, 13 నియమాలు వ్రాసి బాస్కెట్‌బాల్‌కు రూపమిచ్చాడు. 1895లో హోలియోక్ శాఖలో విలియం మోర్గాన్ వాలీబాల్‌ను కల్పించాడు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పాడు. నేడు మన పల్లెల్లో బంతిని వలపైకి కొట్టే కుర్రవాడిని ఆ ఆట ఎవరి మతానిదని ఎవరూ అడగరు.

అయితే ఆ సంస్థయూ నిర్దోషి కాదు. అమెరికాలో నల్లజాతి యువకులకు చిరకాలం వేరు శాఖలే ఉండేవి. ఆ భేదాన్ని విడనాడుమని దాని జాతీయ మండలి శాఖలను కోరినది 1946లో మాత్రమే. ఆటను సృష్టించడం కన్న ఆటస్థలాన్ని అందరికీ తెరవడం కష్టమన్నమాట!

మంగంపేటలో ముగ్గురాయి ధూళి అందరి చొక్కాలపైనా సమంగానే పడుతుంది. గనిలో కలిసి పనిచేసేవారి బిడ్డలు మైదానంలో మాత్రం చర్చి జట్టు, మసీదు జట్టు, గుడివీధి జట్టు అని విడిపోవడం ఏమి న్యాయం? అట్టి పోటీలో ఒక్క పాయింటుపై పుట్టిన తగవు రెండు వీధుల తగవై కూర్చుంటుంది.

ప్రార్థన, పాటలపోటీ, బైబిల్ క్విజ్ చర్చి వారి సొంతం; వాటిలో మన ప్రమేయం తగదు. ఆటలు మాత్రం అందరివి. కనుక కళాశాల పాలకవర్గం వారికి నా మనవి ఒక్కటే. సెలవుదినాల సాయంకాలం మన మైదానాన్ని అన్ని యువజన సంఘాలకూ ఇవ్వండి. జట్లను మతాన్నిబట్టి కాక చీటీలు వేసి ఏర్పరచండి. బాలికలకు ప్రత్యేక సమయం కేటాయించండి.

విద్యార్థులారా, చీటీ ఎవరిని మీ పక్కన నిలిపితే వారే ఆనాటికి మీ జట్టువారు. వారికి బంతి అందించడం నేర్చుకున్ననాడు, రేపు ఊరిలో కష్టం వచ్చినప్పుడు చేయి అందించడం ఎవరూ మీకు నేర్పనక్కరలేదు.