స్కిప్ కొట్టడం వచ్చు, గుండీ పెట్టుకోవడం రాదు

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. సంక్రాంతి సెలవుల్లో చూశా, ఫోన్‌లో యాడ్ రాగానే టక్కున స్కిప్ కొట్టేస్తాడు. చొక్కా గుండీ మాత్రం పెట్టుకోలేడు. బంతి వేస్తే పట్టుకోకుండా మొహం తిప్పేసుకుంటాడు.

"ఏంటక్కా ఇది?" అన్నాను. "అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ ఆడించనురా? కిందంతా కార్లే!" అంది. నిజమే. అయినా అక్కనేం అంటాను? అసైన్‌మెంట్ రాసుకోవాలని వాడి చేతిలో ఫోన్ పెట్టింది నేనే.

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదపాలని, అందులో 60 నిమిషాలైనా గట్టిగా ఆడాలని, కూర్చుని స్క్రీన్ చూడటం గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వీడియో చూస్తే సైకిల్ రాదు కదా, తొక్కితేనే వస్తుంది. పరుగైనా, గుండీ అయినా అంతే.

మా అమ్మమ్మ ఇవేవీ చదవలేదు. వాడి ముందు గిన్నెడు కందికాయలు పోసింది. కాసేపు విసుక్కున్నాడు. తర్వాత అరగంట కూర్చుని ఒలిచాడు, ఫోన్ అడగలేదు!

రేపు ఆటోప్లేకి కోడ్ రాసేది మనలో ఎవరో ఒకరే. అది రేపటి మాట. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మాత్రం నేను ఫోన్ జేబులో పెట్టి, బంతి తీస్తా. మరి మీరు?