చదివిన నవలను దాచుకోవలసిందేనా?

మన సభలలో ఒక మాట చాలాకాలంగా చెల్లుబాటవుతున్నది. ప్రేమకథ, అపరాధ పరిశోధన కలిసిన నవల మత్తుమందు. దానిని చదివేవాడు మత్తులో పడ్డవాడు. ఈ మాట నేనూ అన్నవాణ్ణే. ఇప్పుడు దానిని ఖండించదలచుకున్నాను.

1986లో చొప్పదండిలో నేను పంతులుగా ఉండేవాణ్ణి. ఆదివారాలు కొందరు విద్యార్థులతో కూర్చొని పుస్తకాలు చర్చించుకొనేవాళ్లం. ఒకనాడు ఒక అమ్మాయి అద్దెకు తెచ్చిన నవల పట్టుకు వచ్చింది. అట్ట చిరిగి, కుట్లు ఊడిన పుస్తకం. చిన్న ఊరు, బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ, పోస్టాఫీసు గుమస్తా, ఇద్దరి నడుమ ప్రేమ, చెరువుకట్ట మీద ఒక శవం. "ఇండ్ల పోస్టాఫీసు అచ్చం మనూరి లెక్కనే ఉన్నది సార్" అన్నది. నా పక్కనున్న మిత్రుడు, మార్క్సిజం బాగా చదివినవాడు, "ఈ చెత్త చదివేకన్నా నిద్రపోవడం నయం" అన్నాడు. ఆ పిల్ల పుస్తకాన్ని సంచిలో పెట్టేసుకున్నది. మరే ఆదివారమూ రాలేదు.

నేను నోరు మెదపలేదు. ఆ నవలను అంతకు రెండు నెలల ముందే ఒక్క రాత్రిలో చదివాను. కరెంటు పోతే కందిలి వెలిగించుకొని మరీ చదివాను. నన్ను మేల్కొల్పి ఉంచింది హంతకుడొక్కడే కాదు. టీచరమ్మ తన జీతంలో ఇంటికెంత పంపాలో, చీర వాయిదా ఎంత కట్టాలో లెక్క వేసుకొనే పేజీ ఒకటి ఉన్నది. దానిని రెండుసార్లు చదివాను. మన కథల్లో పాత్రలు నినాదాలు బాగా ఇస్తాయి గాని, కిరాణం కొట్లో ఖాతా ఉన్నట్టు కనబడవు.

1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రాస్తే మన విమర్శకులకు రాజశేఖరం సంపదే కనబడింది. ఉద్యోగం చేసుకొని బతికే జయంతి కనబడలేదు. ధనికుడొచ్చి చేయందుకుంటాడనే కల అబద్ధమే. ఉద్యోగం చేసే స్త్రీ నవలకు నాయిక కావడం అబద్ధమా? ఇక కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్. నిజం తేలేది ఆధారాల వల్ల, తర్కం వల్ల. తాయెత్తు వల్ల కాదని అతని పని చెబుతుంది. భౌతికవాదులమనుకొనే మనకు అతనితో వైరమెందుకు? యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతబడిని వారపత్రికలోకి తెచ్చినప్పుడు రంగనాయకమ్మ తీవ్రంగానే ఖండించారు. అది పుస్తకం చదివి చేసిన ఖండన. అట్ట చూసి అన్నింటినీ ఒకే గాటన కట్టడం వేరు.

ఫ్రాన్సులో యూజీన్ సూ రాసిన 'పారిస్ రహస్యాలు' 1842–43లో దినపత్రికలో ధారావాహికగా వచ్చి జనాన్ని ఊపివేసింది. మార్క్స్ దానిని చదవకుండా తిట్టలేదు. 1845లో ఎంగెల్స్‌తో కలిసి వెలువరించిన 'పవిత్ర కుటుంబం'లో పేజీలకు పేజీలు దాని మీదనే వెచ్చించాడు. కల్లుపాకల వంటి చోట్ల బతికే ఫ్లర్ ద మారీ అనే పిల్లలోని జీవశక్తిని ఆయన మెచ్చుకున్నాడు. ఆ పిల్లను పశ్చాత్తాపంలోకి, మఠంలోకి, చివరికి చావులోకి నడిపించిన తీరును చీల్చి చెండాడాడు. కోపం పెట్టవలసిన చోటు అది.

మా నవల మీద నాకూ అటువంటి కోపం ఒకటి ఉన్నది. అందులో ఊరు మంచిది, ప్రశాంతమైనది. ఒక దుర్మార్గుడు దానికి మచ్చ తెచ్చాడు. అతడు పట్టుబడగానే మళ్లీ ప్రశాంతం. మా దిక్కున సంగతి అట్లా లేదు. మాకు దూరం కాని జగిత్యాలలో 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు వేలుగా కదిలారు. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి ఎవరి చేతిలోకి ఎట్లా పోయిందో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. కనిపెట్టడానికి యుగంధర్ అక్కరలేదు. అక్కడ ప్రశాంతం అంటే తెలిసినవాళ్లు నోరు మూసుకొని ఉండటం. టీచరమ్మ జీతం లెక్క అంత నిజంగా రాసిన చెయ్యి చెరువు కింది మాగాణి ఎవరిదో ఎందుకు రాయలేదు? ఆ ఆదివారం అడగవలసిన ప్రశ్న ఇది. అడిగి ఉంటే జవాబు మాకన్నా ఆ పిల్లకే బాగా తెలిసి ఉండేది.

మనవాళ్లకు ఈ విద్య చేతకాదనను. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. నిజాం కాలపు తెలంగాణ పల్లెకు పాటగాడు సారంగపాణి వస్తాడు. దొర కూతురు మంజరి అతణ్ణి ప్రేమిస్తుంది. ఏమవుతుందోనన్న ఆత్రుతతో పేజీ తిప్పుతాం. ఆ ఆత్రుత వెంటనే గడీ లోపలికి పోయి ఆడబాపల బతుకును చూస్తాం. అక్కడ ప్రేమకథను మత్తుమందు అన్నవాడెవడు?

మొన్న చొప్పదండి బస్టాండులో ఒక అమ్మాయి సెల్‌ఫోనులో నవల చదువుతున్నది. బస్సు వచ్చినా తల ఎత్తలేదు. ఏ ఊరి కథమ్మా అని అడిగాను.

"ఊరి పేరు రాయలే సార్. మన దిక్కుది మాత్రం కాదు."

హంతకుడెవరో చెప్పవద్దని, నవల పేరు మాత్రం చెప్పించుకొని రాసుకున్నాను.