సాఫ్ట్‌వేర్ ఉచితమే, చూసుకునే మనిషి జీతం ఎవరిది?

స్వచ్ఛంద సంస్థలకు ఇస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ విషయంలో మైక్రోసాఫ్ట్ 2025 జులై 1 నుంచి ఒక మార్పు తెచ్చింది. అంతకుముందు అర్హత ఉన్న ప్రతి సంస్థకూ పది ‘బిజినెస్ ప్రీమియం’ లైసెన్సులు ఉచితంగా దక్కేవి. కంప్యూటర్‌లో ఎక్కించుకుని వాడుకునే వర్డ్, ఎక్సెల్, వాటితోపాటు పరికరాల భద్రతకు కావలసిన సరంజామా అంతా అందులోనే ఉండేది. ఆ పదీ పోయాయి. ఇప్పుడు ఉచితంగా వచ్చేది ‘బిజినెస్ బేసిక్’. మూడు వందల మంది దాకా వాడుకోవచ్చు గానీ వర్డ్, ఎక్సెల్‌లను బ్రౌజర్లోనో ఫోన్లోనో తెరవాలి. పాతదే కావాలంటే తగ్గింపు ధరకు కొనుక్కోవాలి. నెట్ నిలకడగా ఉండే హైదరాబాద్ ఆఫీసుకు ఇది కాస్త చికాకు, అంతే. సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన ఏజెన్సీ ఊళ్లో పనిచేసే సంస్థకు మాత్రం నెలాఖరు లెక్కల ఫైలు తెరవడమే గండం.

ఇచ్చినవాళ్లు షరతులు మార్చుకున్నారని తగువు పెట్టుకోలేం. అడగాల్సింది వేరే ఉంది. ఈ మార్పు సంగతి ముందుగా తెలుసుకుని ఫైళ్లు సర్దుకున్న సంస్థలు ఏవి? గడువు గురించిన ఈమెయిల్ వచ్చే ఉంటుంది. కానీ చాలా చిన్న సంస్థల్లో అలాంటి మెయిళ్లు చేరేది, ఎప్పుడో రిజిస్ట్రేషన్ చేసిపెట్టి వెళ్లిపోయిన వాలంటీరు ఖాతాకు. పాస్‌వర్డ్ కూడా అతనితోనే వెళ్లిపోయి ఉంటుంది. సాంకేతిక సాయం పేరిట ఇన్నేళ్లుగా వస్తువులు ఇస్తూ వచ్చారు. వాటిని చూసుకునే మనిషికి జీతం ఎవరిస్తారన్నది మాత్రం తేల్చలేదు. మన చట్టాలు, మన దాతల అలవాట్లు ఆ ప్రశ్నను మరింత బిగించాయి.

నిజానికి ఈ సాంకేతిక సాయం మొదలైంది మనుషులతోనే. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘కంప్యూమెంటర్’ పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది. కంప్యూటర్ తెలిసినవాళ్లను వెదికి, దాంతో కుస్తీ పడుతున్న సేవాసంస్థల దగ్గరికి పంపించడం దాని పని. అదే తర్వాత ‘టెక్‌సూప్’ అయింది. కంపెనీలు దానమిచ్చే సాఫ్ట్‌వేర్‌ను నామమాత్రపు రుసుముతో పంచిపెట్టే అంతర్జాతీయ వ్యవస్థగా ఎదిగింది. మన దేశంలో నాస్కామ్ ఫౌండేషన్ ‘బిగ్‌టెక్’ పేరుతో ఆ పంపిణీ నడిపింది. దానివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. దొంగ కాపీలతో నడిచే ఎన్నో ఆఫీసులు సక్రమమైన సాఫ్ట్‌వేర్‌కు మారాయి. అయితే లైసెన్సు పంచడం తేలిక, లెక్క చెప్పుకోవడం ఇంకా తేలిక. మనిషిని పంచడం కష్టం. ఆ కష్టమైన సగం మెల్లగా వెనక్కి జారింది.

మన దగ్గర ఈ జారుడుకు చట్టం కూడా తోడైంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ఆ డబ్బులో పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఏవేవి పరిపాలనా ఖర్చుల కిందికి వస్తాయో నిబంధనల్లో ఉంది: నిర్వహణ సిబ్బంది జీతాలు, ఆఫీసు అద్దె, కరెంటు, ఫోన్, లెక్కల నిర్వహణ, నివేదికల తయారీ, వృత్తి నిపుణుల ఫీజులు. ఆసుపత్రి నడిపే సంస్థలో డాక్టరు జీతం, బడి నడిపే సంస్థలో టీచరు జీతం ఇందులోకి రావు. మరి ఆ ఆసుపత్రి రోగుల రికార్డుల కంప్యూటర్‌ను చూసుకునేవాడి జీతం? ఆడిటర్లు జాగ్రత్తపరులు, అనుమానం వస్తే పరిపాలన పద్దులోనే వేస్తారు. అసలే కుదించుకుపోయిన ఆ ఇరవై శాతంలో అద్దెకు, అకౌంటెంటుకు పోగా అతనికి మిగిలేది ఏమీ ఉండదు.

అదే సవరణ ఇంకో పని చేసింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదంది. దీని దెబ్బ చిన్న సంస్థలకు నిధులు ఆగిపోవడంతోనే అయిపోలేదు. ఒక పెద్ద సంస్థ తన గ్రాంటులోంచి చుట్టుపక్కల పది చిన్న సంస్థలకు డబ్బు సర్ది, అందరూ కలిసి ఒక కంప్యూటర్ నిపుణుణ్ని పెట్టుకునే వీలు కూడా దాంతో మూసుకుపోయింది.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల దగ్గర సంగతి కొంచెం విచిత్రంగా ఉంటుంది. పరిపాలనా ఖర్చు ఐదు శాతం దాటకూడదని 2021 నిబంధనల్లో ఉందంటూ కంపెనీ ప్రతినిధులు సంస్థలకు చెబుతుంటారు. చదివి చూస్తే, ఆ ఐదు శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చు మీద పరిమితి. ఒక నిర్దిష్ట ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనం కోసం నేరుగా పెట్టే ఖర్చు దాని కిందికి రాదని ఆ నిర్వచనంలోనే ఉంది. అంటే ప్రాజెక్టు డేటా చూసుకునే ఉద్యోగి జీతాన్ని ప్రాజెక్టు ఖర్చుగానే చూపవచ్చు. అడిగే ధైర్యం సంస్థకు లేదు, చదివే ఓపిక ఇచ్చేవారికి లేదు. ట్యాబ్‌లు కొనివ్వమంటే మాత్రం సంతోషంగా కొంటారు. ఫొటో బాగా వస్తుంది.

ఇటు ప్రభుత్వమేమో స్వచ్ఛంద రంగాన్ని చడీచప్పుడు లేకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లోకి తీసుకెళ్లింది. స్వచ్ఛంద సంస్థల ‘దర్పణ్’ పోర్టల్లో నమోదు, సీఎస్ఆర్ నిధుల కోసం సీఎస్ఆర్-1 పత్రం, విదేశీ విరాళాల వార్షిక పత్రం, ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ల పునరుద్ధరణ... ఒక్కోదానికి ఒక్కో లాగిన్, ఒక్కో ఓటీపీ. 2021-22 నుంచి దాతల వివరాలన్నీ 10బీడీ పత్రంలో దాఖలు చేయాల్సి వచ్చింది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మండల కేంద్రంలోని అనాథాశ్రమానికి అసలైన సాంకేతిక శిక్షకుడు ఎవరయ్యా అంటే, ఈ పోర్టళ్లే. అక్కడ ఐటీ విభాగం అంటే అకౌంటెంటు, అతను లేనిరోజు బజారులోని నెట్ సెంటర్. దాతల పాన్ నంబర్లు, పిల్లల ఆధార్ కాపీలు ఆ నెట్ సెంటర్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే మిగిలిపోతుంటాయి.

ఉపకరణాల కొరత ఉందా అంటే, లేదు. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓడీకే, దాని బాటలో వచ్చిన కోబో టూల్‌బాక్స్‌తో నెట్ లేని ఊళ్లోనూ ఫోన్లో సర్వే చేయవచ్చు. మన దేశంలోనే తయారైన ‘అవ్ని’ క్షేత్రస్థాయి రికార్డులకు పనికొస్తుంది, ‘గ్లిఫిక్’ వాట్సాప్ ద్వారా వేలమందితో సంభాషణ నడుపుతుంది. రెండూ ఓపెన్ సోర్స్. తెలుగు విషయంలోనూ స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపిన ‘స్వేచ్ఛ’ సంస్థ చాలా ఏళ్లుగా కృషి చేస్తోంది. అయినా మన సంస్థల పాత వార్షిక నివేదికలు, శిక్షణ పుస్తకాలు పాతకాలపు ‘అను’ ఫాంట్లలో ఇరుక్కుని ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు. వెదికితే ఏదీ దొరకదు. ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, మార్చాక కూర్చుని తప్పులు దిద్దడానికి ఒక మనిషి కావాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

ఈ రంగంలో నిలబడిన ప్రయోగాలను చూస్తే ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన ‘డిజిటల్ గ్రీన్’, స్థానిక రైతులే కనిపించే వ్యవసాయ వీడియోలను ఊళ్లలో చూపించేది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం ప్రచారానికీ ఆ వీడియోలు ఉపయోగపడ్డాయి. అందులో కీలకం కెమెరా కాదు, ప్రొజెక్టరూ కాదు. వీడియోను మధ్యలో ఆపి, ‘వదినా, మీ చేలో ఇలా చేశారా?’ అని అడిగే ఊరి మనిషి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ రోగుల రికార్డుల కోసం ‘ఐస్మార్ట్’ వ్యవస్థను సొంతంగా తయారు చేసుకుందంటే, ఆ పనికి సొంత బృందాన్ని పోషించగల పరిమాణం దానికుంది. అందరికీ అది సాధ్యం కాదు.

మనిషి లేకపోతే ఏమవుతుందో చూడటానికి చిన్న సంస్థల దాకా పోనక్కర్లేదు. యుద్ధాల్లో, వలసల్లో విడిపోయిన కుటుంబాలను కలిపే అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడ్డారు. 5,15,000 మందికి పైగా నిస్సహాయుల వివరాలు బయటి చేతుల్లో పడ్డాయని 2022 జనవరిలో వెల్లడైంది. ఒక సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను సకాలంలో వేయలేకపోయామని ఆ సంస్థే ఒప్పుకుంది. అంతటి సంస్థకే అలా జరిగితే, విండోస్ అప్‌డేట్‌ను ‘రేపు గుర్తు చేయి’ అంటూ ఏడాదిగా వాయిదా వేస్తున్న ఆఫీసుల గురించి చెప్పేదేముంది?

ఆ ఆఫీసుల దగ్గరున్నది మామూలు డేటా కూడా కాదు. హెచ్ఐవీ బాధితుల జాబితా, బాల్యవివాహం నుంచి తప్పించిన అమ్మాయి చిరునామా, గృహహింస కేసు వివరాలు. ఈమధ్య నివేదికలు రాయడానికి చాట్‌జీపీటీ లాంటివి వాడుతున్నారు. తప్పేమీ లేదు, ఇంగ్లిష్ ప్రతిపాదన రాయలేక గ్రాంటు పోగొట్టుకున్న జిల్లా సంస్థకు అదో ఊతం. కానీ కేసు ఫైలును పేర్లతో సహా అందులో అతికించకూడదని చెప్పేవారు ఉండాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. వాటి ప్రకారం ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలి. భద్రతలో వైఫల్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. బాలల హక్కుల మీద పనిచేసే సంస్థల్లో ఎన్నింటికి ఈ సంగతి తెలుసు?

దారి ఏమిటంటే, మనిషిని పంచుకోవడమే. అమెరికాలో సివీసీఆర్ఎం అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను నిర్మించినవారిలో ఒకరైన డొనాల్డ్ లోబో మన దేశంలో ‘ప్రాజెక్ట్ టెక్4డెవ్’ను ప్రారంభించారు. గ్లిఫిక్ అక్కడిదే. అంతకన్నా ముఖ్యమైనది, అనుభవం ఉన్న ఒక సాంకేతిక అధికారి తన సమయాన్ని కొన్ని సంస్థలకు వంతులవారీగా ఇచ్చే ఏర్పాటు. ఏది కొనాలో చెప్పడానికంటే, ఏది కొనక్కర్లేదో చెప్పడానికి అలాంటివారు ఎక్కువ పనికొస్తారు. జిల్లా స్థాయిలో దీన్నే ఇంకా చవకగా చేయవచ్చు. పాతిక సంస్థలకు ఇద్దరు ఉద్యోగులు చాలు: బ్యాకప్‌లు, పాస్‌వర్డ్‌లు, డొమైన్ రెన్యువల్, పోర్టల్ గడువులు, డేటా సమ్మతి పత్రాలు. ఇంజనీరింగ్ కాలేజీలకు అప్పగిస్తే సరిపోతుందని కొందరంటారు. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం తయారైన యాప్ ఆ బ్యాచ్ పట్టా పుచ్చుకున్న రోజే అనాథ అవుతుందన్నది చాలామందికి అనుభవమే. ఇది జీతమున్న పనిగానే ఉండాలి.

ఆ జీతానికి చోటు చూపించడం ప్రభుత్వానికి కష్టం కాదు. పరిశోధన, శిక్షణ ప్రధానంగా చేసే సంస్థల్లో క్షేత్రస్థాయి డేటా సేకరించే, విశ్లేషించే సిబ్బంది జీతాలను పరిపాలనా ఖర్చుల నుంచి విదేశీ విరాళాల నిబంధనలు ఇప్పటికే మినహాయించాయి. సేవాసంస్థల్లో లబ్ధిదారుల డేటాను కాపాడే సిబ్బందినీ ఆ మినహాయింపులో చేర్చవచ్చు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, హోంశాఖ నిబంధనను సవరిస్తే చాలు. డేటా చట్టం గడువు 2027 మే కాబట్టి, అది అంతకుముందే జరగాలి.