ఎడారి కోటకు నీటి గండము

విహారయాత్ర యనగానే వినోదమే మనస్సున మెదలుట సహజము. రాజస్థాన్‌లోని జైసల్మేరు కోటలో ఒక రాత్రి గడిపి వచ్చిన మాకు మాత్రము ఆ యాత్ర ఒక ప్రశ్నను మిగిల్చినది.

తెల్లవారకముందే మేమందరము కోట దిగి గడీసర్ తటాకపు గట్టుకు చేరితిమి. సూర్యుడు పొడసూపగానే, 1156లో రావల్ జైసల్ త్రికూట గిరిపై నెలకొల్పిన ఆ ఇసుకరాతి కోట బంగారువన్నె దాల్చినది. ఆ దృశ్యము మరువరానిది.

అయితే ఆ తటాకమును చూచినపుడే మా పొరపాటు మాకు తెలిసినది. వాననీటిని ఒడిసిపట్టి శతాబ్దములపాటు ఊరి దాహము తీర్చిన చెరువది. నీరు అరుదైన ఆ థార్ సీమలో కోట కట్టినవారు నేటి ధారాళమైన వాడకమును ఊహించియుండరు. కోటలోని ఇండ్లలో, వసతిగృహములలో వాడి వదలిన నీరు నేలలోనికి ఇంకి, పునాదుల క్రింది మట్టిపొరలను వదులు చేయుచున్నది. బురుజులు కూలిన సందర్భములును కలవు. మేము బస చేసినదియు అట్టి వసతిగృహమే. స్నానమునకు రెండేసి బకెట్లు వాడినవారమే.

తరతరములుగా అచట నివసించు కుటుంబములను తరలింపుమనుట మా అభిమతము కాదు. అది వారి ఇల్లు, మనము అతిథులము. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ కోటను కాపాడుట ప్రభుత్వపు పని మాత్రమే యనుకొనరాదు. ఇకముందు వెళ్లు విద్యార్థులు కోట దిగువనే బస చేసి, ఉదయమున పైకెక్కి చూచి రావలెనని మా విన్నపము. చూడవచ్చినవారి వలననే చూడదగినది నశించినచో, ఆ విజ్ఞానయాత్రకు అర్థమేమి?